మేకపోతుల మేపు – 5వ పాఠం: మూత్రంలో రాళ్ళు పడని దాణా

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. ఛాతీ చుట్టుకొలత 28 అంగుళాలు, భుజం మొన నుంచి తుంటి ఎముక చివరి దాకా పొడవు 25 అంగుళాలు ఉన్న పోతు బరువెంత అని అడిగాం. 28ని 28తో హెచ్చవేస్తే 784. దాన్ని 25తో హెచ్చవేస్తే 19,600. 660తో భాగిస్తే 29.7. అంటే 30 కిలోల పోతు. టేపు లెక్కలో ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతాయి. దాణా వేయడానికి అదేమీ ఇబ్బంది కాదు. కానీ ఈ పాఠంలో గ్రాముల్లో తూచి వేయాల్సిన దినుసు ఒకటుంది కాబట్టి కాటా దొరికినవాళ్ళు కాటా మీదే తూయండి. ఈ 30 కిలోల పోతునే ఈసారీ మన ముందు నిలబెట్టుకుందాం.

పాకలో కట్టేసి మేపే పోతులకు, పొట్టేళ్ళకు వచ్చే జబ్బుల్లో మూత్రం కట్టుకుపోవడం ఒకటి. నిన్నటి దాకా బాగా తిని నిగనిగలాడినదే ఇవాళ దాణా ముట్టదు, ముక్కుతుంది, రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. మందలో అన్నిటికన్నా బాగా మేసిందే ముందు పోతుంది. అందుకే దిష్టి తగిలిందంటారు. తగిలింది దిష్టి కాదు, తవుడు. ఎలాగో లెక్కేసి చూద్దాం.

మగవాటికే ఎందుకు

ఆడమేకలోనూ ఇవే రాళ్ళు పుడతాయి. దాని మూత్రనాళం పొట్టిది, వెడల్పుది కాబట్టి ఇసుకలా వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది. మగదానిది పొడుగు, సన్నం. పైగా మధ్యలో ‘ఎస్’ ఆకారంలో ఒక మెలిక ఉంటుంది. అంగం చివర మూడు సెంటీమీటర్ల దాకా సన్నని గొట్టంలాంటి తోక ఒకటి వేలాడుతుంది. రాయి ఎక్కువగా ఇరుక్కునేది ఈ తోకలో, తర్వాత ఆ మెలికలో.

విత్తులు కొట్టించిన వాటికి ముప్పు ఇంకా ఎక్కువ. మూత్రనాళం వెడల్పు కావడానికి మగ హార్మోను కావాలి. రెండు నెలల పిల్లకే విత్తులు కొట్టిస్తే నాళం అక్కడే ఆగిపోతుంది, ఒళ్ళు మాత్రం పెరుగుతూ పోతుంది. కొట్టించక తప్పదనుకుంటే కనీసం మూడు నాలుగు నెలలు నిండనివ్వండి, ఐదారు నెలలు ఆగగలిగితే ఇంకా మేలు. ఆగినన్నాళ్ళూ వాటిని ఆడమేకల నుంచి వేరుగా కట్టాలి, నాలుగో నెలకే కొన్ని పోతులు చూలు కట్టించగలవు.

రాయి పుట్టే దారి

మేక ఒంట్లో మిగిలిపోయిన భాస్వరం మామూలుగా మూత్రంలోకి రాదు. లాలాజలంలో కలిసి మళ్ళీ పొట్టలోకి దిగి, పెంటలో బయటికి పోతుంది. లాలాజలం బాగా ఊరాలంటే నెమరు వేయాలి, నెమరు వేయాలంటే పొడుగు పీచున్న మేత ఉండాలి. గింజలు, తవుడు, పెల్లెట్లు పెంచి చొప్ప తగ్గించారా, రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. మేతలో భాస్వరం పెరుగుతుంది, అది పోయే దారి మూసుకుంటుంది. అప్పుడది మూత్రంలోకి మళ్ళుతుంది.

మేక మూత్రం సహజంగా క్షార గుణం ఉన్నది, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7కు కింద ఆమ్లం, పైన క్షారం) 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది. అలాంటి మూత్రంలో భాస్వరం మెగ్నీషియంతోనూ, అమ్మోనియాతోనూ కలిసి స్ఫటికం కడుతుంది. దీన్ని స్ట్రువైట్ అంటారు. గింజల మేపు మీద ఉన్న పోతుల్లో ఎక్కువగా దొరికే రాయి ఇదే. స్ఫటికం పట్టుకోవడానికి ఒక నలుసు కావాలి. విటమిన్ ఎ చాలకపోతే మూత్రాశయం లోపొర నుంచి చచ్చిన కణాలు రాలి ఆ నలుసు పని చేస్తాయి. పచ్చి మేత ఏ కొంచెమైనా రోజూ వేయమనడానికి ఇదొక కారణం.

బోరు నీళ్ళలోని సున్నం వల్లే రాళ్ళు వస్తాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. నీళ్ళలో సున్నం అంటే కాల్షియం. స్ట్రువైట్ రాయిలో కాల్షియమే లేదు. బోరు నీటిని తిట్టుకుంటూ తవుడు బస్తా మీద బస్తా దింపడం కన్నా, నీటి రుచి నచ్చక పోతు తక్కువ తాగుతోందా అన్నది చూసుకోవడం నయం.

కాల్షియం రెండు పాళ్ళు, భాస్వరం ఒక పాలు

ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు లెక్క ఇది. రోజు మొత్తం మేతలో, అంటే దాణా, చొప్ప, ఆకు అన్నీ కలిపి, కాల్షియం భాస్వరానికి రెండింతలు ఉండాలి. రెండుంపావు, రెండున్నర రెట్లున్నా ఫరవాలేదు. ఒకటికి ఒకటి అయిందంటే ప్రమాదం మొదలైనట్టే. ఒకటి కన్నా తగ్గితే తలకిందులైనట్టు.

దినుసుల్లో ఏముందో చూడండి. ఇవి సుమారు అంకెలు, ఊరిని బట్టి, మిల్లును బట్టి కొద్దిగా మారతాయి.

మొక్కజొన్న: కాల్షియం 0.03 శాతం, భాస్వరం 0.3
వరి తవుడు: కాల్షియం 0.1, భాస్వరం 1.5
వేరుశనగ చెక్క: కాల్షియం 0.2, భాస్వరం 0.6
పత్తి చెక్క: కాల్షియం 0.2, భాస్వరం 1.0
జొన్న చొప్ప: కాల్షియం 0.3, భాస్వరం 0.1
వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు తీగ): కాల్షియం 1.2, భాస్వరం 0.15
లైమ్‌స్టోన్ పొడి (కోళ్ళ మేతలో వేసే రాతిపొడి): కాల్షియం 36, భాస్వరం సున్నా
మినరల్ మిక్చర్: కాల్షియం 20, భాస్వరం 12
డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్): కాల్షియం 23, భాస్వరం 18

తవుడు వరుస దగ్గర ఒక్కసారి ఆగండి. కాల్షియం కన్నా భాస్వరం పదిహేను రెట్లు. గోధుమ తవుడుదీ ఇంచుమించు ఇదే తీరు. కోడి అయితే తవుడులోని భాస్వరంలో చాలా భాగాన్ని వాడుకోలేదు. మేక పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టేస్తాయి కాబట్టి అంతా ఒంటికి పడుతుంది. తవుడు చవక, మేకలు ఇష్టంగా తింటాయి, పైగా పాడి గేదెకు మంచిది. గేదె పాలలో కాల్షియంతో పాటు భాస్వరాన్నీ పిండుతూ ఉంటుంది, పోతు పిండేదేమీ లేదు. గేదెల దాణా బస్తా విప్పి పోతులకు వేయడంలో చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు చాలా పాకల్లో కనబడే దాణాను లెక్కేద్దాం. నూరు కిలోల్లో మొక్కజొన్న 40, తవుడు 40, వేరుశనగ చెక్క 17, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. ఒక కిలో దాణాలో కాల్షియం ఎంత? మొక్కజొన్న నుంచి 0.12 గ్రాము, తవుడు నుంచి 0.4, చెక్క నుంచి 0.34, మినరల్ మిక్చర్ నుంచి 4. మొత్తం 4.86 గ్రాములు. భాస్వరం? మొక్కజొన్న నుంచి 1.2, తవుడు నుంచి 6, చెక్క నుంచి 1.02, మినరల్ మిక్చర్ నుంచి 2.4. మొత్తం 10.62 గ్రాములు.

మన 30 కిలోల పోతుకు ఈ దాణా రోజుకు 400 గ్రాములు, జొన్న చొప్ప 700 గ్రాములు వేశామనుకోండి. దాణా నుంచి కాల్షియం 1.94, భాస్వరం 4.25. చొప్ప నుంచి కాల్షియం 2.1, భాస్వరం 0.7. మొత్తం కాల్షియం 4.04 గ్రాములు, భాస్వరం 4.95 గ్రాములు. అంటే 0.8కి 1. పండగ దగ్గర పడిందని దాణా 600 గ్రాములకు పెంచి చొప్ప 500కు తగ్గిస్తే 0.64కి 1. మినరల్ మిక్చర్ ఉండగానే ఇలా వచ్చిందని గమనించండి. ‘మేం మినరల్ మిక్చర్ వేస్తున్నాం కదా’ అన్న ధీమా ఇక్కడ చెల్లదు. అందులోనూ భాస్వరం ఉంది.

డీసీపీ సంగతి ఇంకా అన్యాయం. కాల్షియం కోసమని కిలో దాణాకు 20 గ్రాముల డీసీపీ కలిపితే కాల్షియం 4.6 గ్రాములు పెరుగుతుంది, దాంతోపాటు భాస్వరం 3.6 గ్రాములు పెరుగుతుంది. పోతుల దాణాలో డీసీపీకి పనిలేదు.

సరే, పాత దాణాలోనే లైమ్‌స్టోన్ గుమ్మరించి నిష్పత్తి సరిచేయకూడదా? చేయొచ్చు, కిలోకు 40 గ్రాముల దాకా పడుతుంది. కానీ భాస్వరం మొత్తం మేతలో 0.45 శాతం దగ్గరే ఉండిపోతుంది. పెరిగే పోతుకు 0.25 నుంచి 0.3 శాతం చాలు. నిష్పత్తి కుదిరినంత మాత్రాన మిగులు భాస్వరం ఎక్కడికీ పోదు. ముందు తవుడు తగ్గించాలి, ఆ తర్వాతే లైమ్‌స్టోన్ సర్దాలి.

నూరు కిలోల కొత్త దాణా ఇది:

మొక్కజొన్న నలగ్గొట్టినది 60 కిలోలు
వేరుశనగ చెక్క 22 కిలోలు
తవుడు 10 కిలోలు
ఉప్పు 3 కిలోలు
లైమ్‌స్టోన్ పొడి 2 కిలోలు
అమ్మోనియం క్లోరైడ్ 2 కిలోలు
మినరల్ మిక్చర్ 1 కిలో

మాంసకృత్తులు 16 శాతం పైచిలుకు వస్తాయి, పెరిగే పోతుకు సరిపోతుంది. కిలోలో కాల్షియం 9.92 గ్రాములు, భాస్వరం 5.82. రోజుకు 300 గ్రాముల దాణా, 700 గ్రాముల జొన్న చొప్ప వేస్తే మొత్తం కాల్షియం 5.08, భాస్వరం 2.45. నిష్పత్తి 2.07కి 1. మనం కోరుకున్నది ఇదే.

మేత మారితే లైమ్‌స్టోన్ మారాలి. చొప్ప సగం తీసేసి ఆ చోట వేరుశనగ కట్టె వేస్తున్నారా? అప్పుడు లైమ్‌స్టోన్ అక్కర్లేదు. ఆ 2 కిలోలకు బదులు మొక్కజొన్న 62 చేయండి. 350 గ్రాముల కట్టె, 350 గ్రాముల చొప్ప, 300 గ్రాముల దాణాతో లెక్క 2.3కి 1 వస్తుంది, పైసా ఖర్చు లేకుండా. వేరుశనగ పండే అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపు వాళ్ళకు దీన్ని మించిన మార్గం లేదు.

అలాగని కట్టె ఒక్కటే, లూసర్న్ పచ్చిమేత ఒక్కటే వేసినా మరో తంటా. కాల్షియం మూడు రెట్లు దాటి, క్షారం పెరిగి, కాల్షియం కార్బొనేట్ రాళ్ళు పుడతాయి. సన్నగా, గుండ్రంగా, బంగారు రంగులో మెరుస్తుంటాయి, ఒకటి కాదు పదుల కొద్దీ వస్తాయి. ఇలాంటి కాయజాతి మేత మొత్తం మేతలో సగం దాటకుండా చూసుకోండి.

వరిగడ్డి మీదే నడిపేవాళ్ళకు ఇంకో మాట. వరిగడ్డిలో ఇసుక జాతి సిలికా చాలా ఎక్కువ, దాంతో కట్టే రాయి వేరే రకం. పైన నేర్చుకున్న కాల్షియం లెక్క దాని మీద పనిచేయదు, లైమ్‌స్టోన్ వేయడం వల్ల మేలు లేదు. వరిగడ్డిని మొత్తం మేతలో మూడో వంతుకు దించి, మిగతాది జొన్న చొప్ప, కట్టె, చెట్టు ఆకుతో నింపండి. సూపర్ నేపియర్ వేసేవాళ్ళు మరీ లేతగా కోయకండి, లేత గడ్డిలో ఆక్సలేటు ఎక్కువ, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

నవాసాగరం

అమ్మోనియం క్లోరైడ్ మన ఊళ్ళకు కొత్తదేమీ కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాళ్ళు వాడే నవాసాగరం ఇదే. అయితే కళాయి సరుకు, బ్యాటరీల సరుకు, ఎరువుల సరుకు మేతకు పనికిరావు. వాటిలో ఇంకేం కలిసిందో తెలియదు. మేతకు పనికొచ్చే రకం, లేదా మందుల తయారీకి వాడే రకం అని బస్తా మీద రాసి ఉన్నదే కొనండి. పేరులో అమ్మోనియం ఉంది కదా అని అమ్మోనియం సల్ఫేటు ఎరువును, తెల్లగా ఉంది కదా అని యూరియాను వేస్తే మంద మొత్తం పోయే ప్రమాదముంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, యూరియా ఉండే కొట్టంలో పెట్టకుండా వేరే చోట పెట్టండి.

ఇది మూత్రాన్ని ఆమ్లం వైపు దింపుతుంది. పీహెచ్ 6.5 లోపుకొస్తే స్ట్రువైట్ స్ఫటికం కట్టదు, కట్టినది కూడా కరగడం మొదలవుతుంది. మామూలు మోతాదు పోతు బరువులో కిలోకు 200 మిల్లీగ్రాములు. 30 కిలోల పోతుకు రోజుకు 6 గ్రాములు. దాణా పోతు బరువులో ఒక శాతం వేస్తున్నంత కాలం దాణాలో 2 శాతం కలిపితే లెక్క సరిగ్గా సరిపోతుంది. 300 గ్రాముల్లో 6 గ్రాములు. 20 కిలోలదానికి 200 గ్రాముల దాణా, 4 గ్రాములు. మళ్ళీ మళ్ళీ లెక్కేయనక్కర్లేదు.

తప్పు జరిగేది దాణా పెంచినప్పుడు. అదే బస్తా నుంచి 600 గ్రాములు వేస్తే నవాసాగరం 12 గ్రాములైపోతుంది. దాణాను పోతు బరువులో 2 శాతానికి పెంచితే నవాసాగరం దాణాలో ఒక శాతానికి దించాలి. ఎక్కువైతే పోతు మొదట దాణా వాసన చూసి వదిలేస్తుంది. ఇంకా ఎక్కువైతే రక్తం ఆమ్లమై ఊపిరి వేగంగా తీస్తుంది. నెలల తరబడి ఆపకుండా వేస్తే ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది. మేపు ముగిసే దాకా వేసి ఆపేయడం మేలు. సంవత్సరాల తరబడి ఉంచుకునే విత్తనపు పోతుకైతే దాణా తగ్గించి ఆకు మీద నడపండి, నవాసాగరం అవసరమే రాదు.

రుచి చేదుగా, ఉప్పగా ఉంటుంది. మొదటి రోజే 2 శాతం వేస్తే తొట్టెలో సగం మిగులుతుంది. మొదటి నాలుగు రోజులు అర శాతం, తర్వాత నాలుగు రోజులు ఒక శాతం, ఆపైన రెండు. ఇంకా మొండికేస్తే కొంచెం బెల్లం నీళ్ళు చిలకరించండి.

కలిపే తీరు కూడా చూసుకోవాలి. నవాసాగరం గాలిలో తేమ పీల్చి గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఏ పోతు నోట్లో పడితే దాని మోతాదు పది రెట్లవుతుంది. ముందు దంచి, జల్లెడ పట్టండి. నవాసాగరం, ఉప్పు, లైమ్‌స్టోన్, మినరల్ మిక్చర్ నాలుగింటినీ 10 కిలోల తవుడులో కలిపి, ఆ మిశ్రమాన్ని మొక్కజొన్న, చెక్క మీద చల్లి, పారతో కనీసం మూడుసార్లు కుప్ప తిరగేయండి. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కలపండి.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. లైమ్‌స్టోన్ పొడి అంటే కోళ్ళ మేత దుకాణాల్లో అమ్మే, గుడ్ల కోళ్ళకు వేసే రాతిపొడి. గోడకు కొట్టే సున్నం, తాంబూలపు సున్నం కాదు. ఆ సున్నం నోరు పొక్కిస్తుంది, పైగా నవాసాగరంతో కలిస్తే అమ్మోనియా ఆవిరై పోతుంది. దాణా డబ్బా మూత తీయగానే ఘాటు ముక్కుకు కొట్టి కళ్ళు నీళ్ళు తిరిగాయంటే ఎవరో తడి సున్నం కలిపారన్నమాట. ఆ దాణా పారేయండి.

పొట్టేళ్ళకు ఇదే దాణా సరిపోతుంది. మినరల్ మిక్చర్ మాత్రం గొర్రెల కోసం చేసినదే కొనండి. ఆవుల దానిలో ఉండే రాగిని గొర్రె తట్టుకోలేదు.

ఉప్పు, నీళ్ళు, వేళలు

మామూలు దాణాలో ఉప్పు ఒక శాతం వేస్తారు, మనం మూడు వేశాం. దప్పిక పుట్టించడానికే అది. ఎక్కువ తాగితే మూత్రం పలచబడి స్ఫటికాలు కొట్టుకుపోతాయి. ఉప్పు దిమ్మ వేలాడదీస్తే సరిపోదా అంటే సరిపోదు. ఒకటి నాకుతుంది, పక్కది ముట్టదు. దాణాలో కలిపితే అన్నిటికీ చేరుతుంది. నీళ్ళు లేని పూట ఈ దాణా వేయకండి, ఉప్పు విషమవుతుంది.

30 కిలోల పోతు చల్లని రోజుల్లో రెండు మూడు లీటర్లు తాగితే, ఏప్రిల్ ఎండల్లో ఐదు లీటర్ల దాకా తాగుతుంది. ఈమధ్య బక్రీద్ మే, జూన్ నెలల్లో పడుతోంది. అంటే పోతులకు దాణా గరిష్ఠంగా పెంచేది నడి ఎండల్లోనే. చెమట, ఊపిరి రూపంలో నీరు పోయి, మూత్రం చిక్కబడి, పైనుంచి భాస్వరం పడుతుంటే రాయి కట్టక ఏం చేస్తుంది? తొట్టె నీడన పెట్టండి. రోజూ కడగండి. పెంటిక ఒక్కటి పడ్డా మేక ఆ నీళ్ళు తాగదు. తొట్టెను నేల నుంచి పోతు ఛాతీ ఎత్తుకు లేపి, ముందుకాళ్ళు ఆనించడానికి ఒక ఇటుక వరస కడితే పెంటికలు పడవు. రేకు తొట్టె ఎండలో ఉంటే మధ్యాహ్నానికి నీళ్ళు చేయి పెట్టలేనంత కాగుతాయి. సిమెంటుదో, మట్టిదో మేలు.

దాణా ఒకేసారి కుమ్మరించకండి. కడుపు నిండా ఒక్కసారే తిన్నాక కొన్ని గంటలు మూత్రం తగ్గి చిక్కబడుతుంది. 300 గ్రాములను రెండు పూటలు, 600 అయితే మూడు పూటలు చేయండి. పొద్దున్నే ముందు చొప్ప, అరగంటాగి దాణా. ఈ వరస మార్చకండి. హైదరాబాదు మిద్దెల మీద పండగ పోతుల్ని ముద్దు చేసి అన్నం, రొట్టెలు, బ్రెడ్డు పెట్టేవాళ్ళకు కూడా ఇదే మాట. అది దాణా కిందే లెక్క, కాల్షియం సున్నాతో సమానమైన దాణా.

కాగితం చెప్పే నిజం

తొట్టెలో లెక్క కుదిరిందో లేదో మూత్రమే చెప్పాలి. రసాయనాల దుకాణంలో 5 నుంచి 9 దాకా అరేసి అంకెలు చూపించే పీహెచ్ కాగితాలు కొనండి. ఎరుపు నీలం లిట్మస్ చాలదు, అది ఆమ్లమా క్షారమా అని మాత్రమే చెబుతుంది. దాణా వేసిన నాలుగైదు గంటల తర్వాత పడుకున్న పోతును లేపండి, లేచిన కొద్ది నిమిషాల్లో సాధారణంగా మూత్రం పోస్తుంది. పొడుగు కాడ గరిటె పెట్టి ధార మధ్యలో పట్టుకుని వెంటనే కాగితం ముంచండి. నేల మీద పడినది వద్దు. నిలవ ఉన్నదీ వద్దు, గాలి తగిలేకొద్దీ పీహెచ్ పైకి పోతుంది. ఎదకొచ్చిన పోతు తన ముఖం మీదే పోసుకుంటుంది కాబట్టి గరిటె పట్టుకున్నవాళ్ళు కాస్త పక్కకు నిలబడండి.

6 నుంచి 6.5 వస్తే బాగుంది. 7, 7.5 వస్తే మూడు విషయాలు చూడండి. పోతు దాణా మొత్తం తింటోందా, నవాసాగరం ఏరి వదిలేస్తోందా? మేతలో లూసర్న్, కట్టె, సుబాబుల్ ఎక్కువయ్యాయా? వాటిలోని పొటాషియం, కాల్షియం నవాసాగరం పనిని చెడగొడతాయి. చాలా వారాలుగా వేస్తున్నారా? ఒళ్ళు అలవాటుపడి పీహెచ్ నెమ్మదిగా పాకుతుంది. ఈ మూడూ సరిచూశాకే మోతాదు పెంచే ఆలోచన, అదీ పశువైద్యుణ్ణి అడిగి. 5.5 కన్నా దిగితే మోతాదు తగ్గించండి. పది పోతులుంటే రెండు మూడింటికి, వారానికొకసారి చూస్తే చాలు.

మూత్రం ఆగిందనిపిస్తే

మూత్రం పోసే చోట, తోలు సంచి కొసన ఉండే వెంట్రుకలను రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. బాగున్నదాని వెంట్రుకలు తడిగా, మెత్తగా ఉంటాయి. రాళ్ళు మొదలైనదానికి తెల్లని సన్న ఇసుక అంటుకుని గరగరలాడుతుంది. పూర్తిగా కట్టుకున్నదానికి పొడిగా ఉంటాయి. మేత వేసేటప్పుడు పక్షానికొకసారి చేయిపెట్టి చూస్తే జబ్బు పడకముందే తెలిసిపోతుంది.

ఆగిన పోతు వెనక కాళ్ళు చాచి ముక్కుతుంది, తోక ఆడిస్తుంది, పళ్ళు కొరుకుతుంది, బొట్టు బొట్టుగా, ఒక్కోసారి రక్తంతో పడుతుంది. మలబద్ధకమనో, కడుపుబ్బరమనో అనుకుని నూనె పోస్తూ ఒక రోజు పోగొట్టుకోవడం మామూలు. ఆ ఒక్క రోజే దాని ప్రాణం. దాణా, నవాసాగరం ఆపేయండి. గొంతులో నీళ్ళు పోయకండి, మూత్రం జారీ చేసే మందులు ఇవ్వకండి. దారి మూసుకున్న మూత్రాశయంలోకి ఇంకా నీరు తోలడమే అది. వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్ళండి, లేదా సంచార వైద్యశాల కోసం 1962కు ఫోన్ చేయండి. రాయి అంగం చివరి తోకలోనే ఉంటే డాక్టరుగారు ఆ తోకను కత్తిరించి దారి తీస్తారు, దాటించే శక్తికి దానివల్ల లోటు రాదు. మెలికలో ఉంటే ఆపరేషనే. అంతవరకు ముక్కుతున్నది ఉన్నట్టుండి శాంతించిందంటే తగ్గిందని సంబరపడకండి, మూత్రాశయం పగిలినా అలాగే నెమ్మదిస్తుంది. మర్నాటికి పొట్ట రెండు వైపులా కిందికి జారి నీళ్ళతో ఊగుతుంది.

ఈ పాఠానికి పని

మొదటిది: మీ పాకలో ఇప్పుడు వాడుతున్న దాణా బస్తాకు పైన చెప్పినట్టు కాల్షియం, భాస్వరం లెక్క కట్టండి. కొన్న దాణా అయితే బస్తాకు కుట్టిన చీటీ మీద రెండు అంకెలూ ఉన్నాయేమో చూసి, మీరు వేసే చొప్పను కలుపుకుని నిష్పత్తి తేల్చండి.

రెండోది: కొత్త దాణాలో మొక్కజొన్న ధర పెరిగిందని 60 కిలోలను 40కి దించి, తవుడు 10ని 30 చేశారనుకుందాం. మిగతావన్నీ అంతే. 30 కిలోల పోతు, 300 గ్రాముల దాణా, 700 గ్రాముల జొన్న చొప్ప. నిష్పత్తి ఎంతకు పడుతుంది? మళ్ళీ రెండుకు ఒకటి రావాలంటే నూరు కిలోలకు ఇంకెంత లైమ్‌స్టోన్ పట్టాలి? జవాబుతో ఆరో పాఠం మొదలుపెట్టి, అక్కణ్ణుంచి దాణా మార్చే పదిహేను రోజుల పట్టికలోకి వెళదాం. అందాకా వారానికొకసారి తీసిన పీహెచ్ అంకెల్ని తేదీతో, పోతు చెవి నంబరుతో పుస్తకంలో రాసి ఉంచండి.